కలయజూపు: పినాంగు తీరాన్ని ఒక్క బొమ్మలో పట్టిన కథ

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. మా తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. మా తాతగారు తెలుగులో పుట్టి తెలుగులో కన్నుమూశారు. మా నాన్నగారు ఇంట తెలుగు, తోటలో తమిళం, బజారులో మలయు మాట్లాడి కాలం గడిపారు. మేము మాటలు చెవిన పడుతూ పెరిగాము గాని, అక్షరములు మాత్రం నలభయ్యో ఏట, పగలు బడిలో పాఠాలు చెప్పి వచ్చి, రాత్రిపూట పిల్లల పక్కన కూర్చుని దిద్దుకున్నాము. కనుక ఈ ప్రసంగంలో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి. పక్కకు పిలిచి దిద్దితే మరీ సంతోషిస్తాము.

ఈ హాలులో కుడిచేతి గోడకు పొడుగాటి బొమ్మ ఒకటి వేలాడుతున్నది. వచ్చేటప్పుడు మీరందరూ చూసే ఉంటారు. పొడవు పద్నాలుగున్నర అడుగులు, ఎత్తు రెండు అడుగుల ఎనిమిది అంగుళాలు. సముద్రం మీదుగా చూచినప్పుడు పినాంగు ద్వీపం, జార్జిటౌను నగరం, వెనుక కొండల వరుస ఎట్లా ఉంటాయో అది ఆ బొమ్మ. దాన్ని మా సాయంకాలపు తరగతి పిల్లలు, మేము కలిసి తీశాము. ఎట్లా తీశాము, ఎందుకు తీశాము, ఎవరి కోసం తీశాము అన్న మూడు సంగతులు చెప్పమని కార్యవర్గం వారు ఆజ్ఞాపించారు. మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాము.

మా తాతగారు 1920ల చివరలో మద్రాసులో ఓడ ఎక్కి ఈ దేశం వచ్చారు. 1926లో కట్టిన రజూలా అనే ఓడ పేరు మన ఇళ్ళలో విననివారుండరు. మద్రాసు, నాగపట్నం, పినాంగు, పోర్ట్ స్వెట్టెన్‌హామ్, సింగపూరు దాని దారి. పైతట్టున చాపలు పరుచుకుని మనవారు వచ్చారు. పినాంగు కనిపించగానే దిగనిచ్చేవారు కాదు. డాక్టరు చూడాలి, జెరెజాక్ దీవిలో అంటురోగాల కాపలాలో కొన్నాళ్ళు గడపాలి, ఆ తరువాతనే రైలెక్కి తోటకు పోవాలి. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపివేసేవరకు ఇదే పద్ధతి.

తాతగారు ఆ మొదటి ఉదయాన ఓడ మీద నుంచి చూచిన ఒక దృశ్యం జీవితాంతం చెప్పేవారు. "నీళ్ళలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న తెల్ల మేడ. ఈ చివర నుంచి ఆ చివరకు చూపు ఆనదు. ఈ దేశపు రాజు అందులోనే ఉంటాడు కామోసు అనుకున్నాము" అనేవారు. రబ్బరు తోటలో కూలిలైను వసారాలో పడుకుని ఆ మేడ కథ మేము వందసార్లు విన్నాము.

1984లో మేము కొత్తగా ఉపాధ్యాయులమయ్యాము. చదువుకున్నామన్న పొగరు కొంచెం ఉండేది. సెలవులకు వెళ్ళినప్పుడు తాతగారు మళ్ళీ మేడ కథ ఎత్తారు. మేము భూగోళం పుస్తకం తెరిచినట్లు, "తాతా, పినాంగు రేవులో రాజు మేడ ఏదీ లేదు. నువ్వు చూసింది గోపురమున్న రైలు కచేరీ అయి ఉంటుంది" అని దిద్దాము. ఆయన మా వంక చూసి, "అట్లాగా" అన్నారు. అంతే. తరువాత రెండేళ్ళు బ్రతికారు. ఆ కథ మళ్ళీ చెప్పలేదు.

చాలా సంవత్సరాల తరువాత పినాంగు చరిత్ర చదువుతూ ఉండగా ఒక సంగతి కంటబడింది. ద్వీపానికి ఉత్తరపు ఒడ్డున ఫార్ఖర్ వీధిలో ఈస్టర్న్ అండ్ ఓరియంటల్ అనే హోటలున్నది. దాన్ని ఆర్మేనియా జాతివారైన సార్కీస్ సోదరులు 1885లో స్థాపించారు. వీరే 1887లో సింగపూరులో రాఫెల్స్ హోటలు, 1901లో రంగూనులో స్ట్రాండ్ హోటలు తెరిచారు. మనవారు రంగం అని పిలిచిన ఆ రంగూను రేవులో ఎందరు తెలుగువారు మూటలు మోశారో పెద్దలకు తెలుసు. ఇక పినాంగు హోటలును 1920లలో అర్షక్ సార్కీస్ బాగా పెంచాడు. సముద్రపు ఒడ్డున దాని ముఖం 842 అడుగుల పొడవని, ప్రపంచంలో ఏ హోటలుకూ అంత ఒడ్డు లేదని ఆ రోజుల్లో గొప్పగా ప్రకటించుకున్నారు. తెల్లని గోడలు, గోడ కాళ్ళ దగ్గరే కెరటాలు. అక్కడ కిప్లింగు, సోమర్సెట్ మామ్ వంటి రచయితలు బస చేశారు.

ఆ పుట దగ్గర మేము చాలాసేపు కూర్చుండిపోయాము. తాతగారు చూచినది ఇదే అని రుజువు చేసే కాగితం మా దగ్గర లేదు. కాని ఉత్తరపు దారిన రేవులోకి వచ్చే ఓడకు ఆ ఒడ్డు ఎదురుపడుతుంది. అప్పుడు మాకు కలిగిన కోరిక ఒక్కటే. ఆ ఓడ మీద మనిషికి కనబడినంత మేర, ఒక్కసారిగా, కొండ నుంచి కెరటం దాకా చూడాలి. మామూలు ఫోటో అందుకు చాలదు. వెడల్పుగా తీస్తే మేడ ఆవగింజంత అవుతుంది. దగ్గరగా తీస్తే మేడ తప్ప మరేమీ ఉండదు. వెడల్పూ కావాలి, కిటికీ రెక్కా కనబడాలి.

దీనికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు పనోరమా. ఆ బొమ్మను 1787లో స్కాట్లాండులో ఉన్న రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు పేటెంటు చేయించుకున్నాడు. గుండ్రని గది గోడంతా ఎడతెగని చిత్రం వేసి, నడుమ జనాన్ని నిలబెట్టి చూపించాడు. తెలుగులో ఏమనాలి అని తరగతిలో అడిగాము. విశాల దృశ్యం అన్నారొకరు. పెద్ద నిఘంటువు తెచ్చి చూస్తే కలయజూచు అనే మాట కనబడింది. నలువైపులా ఒక్కమారు తేరిపార చూడడం అని అర్థం. పిల్లలకు ఆ మాట నచ్చింది. అప్పటి నుంచి మా పనికి కలయజూపు అని పేరు.

ఫోటోలు పుట్టిన కొద్దికాలానికే కలయజూపులు పుట్టాయి. 1858లో మద్రాసు ప్రభుత్వపు ఫోటోగ్రాఫరు లిన్నేయస్ ట్రైప్ తంజావూరు పెద్దగుడి అరుగు చుట్టూ చెక్కిన శాసనాలను 21 బొమ్మలుగా తీసి వరుసగా అతికించాడు. పొడవు 19 అడుగులు. అందం కోసం కాదు, ఎక్కడో కూర్చున్న పండితుడు అక్షరం అక్షరం చదువుకోవడానికి. మన అమరావతి స్తూపం నుంచి మద్రాసు చేరిన పాలరాతి శిల్పాలను కూడా ఆ రోజుల్లోనే ఆయన ఫోటోలు తీశాడు. 1875లో సిడ్నీలో బెర్నార్డ్ హోల్టర్‌మన్ అనే ధనవంతుడు తన ఇంటి బురుజు మీద చార్లెస్ బేలిస్ అనే ఫోటోగ్రాఫరుతో కలిసి అయిదడుగుల గాజుపలకల మీద రేవునంతా తీయించాడు. 1878లో మైబ్రిడ్జ్ సాన్ ఫ్రాన్సిస్కో నగరాన్ని 13 పలకల మీద చుట్టూ తీశాడు. 1906లో భూకంపం వచ్చి, మంటలు లేచి ఆ నగరం చాలా భాగం కాలిపోయింది. ఆయన నిలబడి తీసిన భవనం కూడా పోయింది. బొమ్మ నిలిచింది.

ఇక్కడ కూర్చున్న పెద్దలు బడిలో తీయించుకున్న పొడుగు ఫోటో గుర్తు తెచ్చుకోండి. 1904లో పేటెంటు పొందిన సర్కట్ అనే కెమెరా అటువంటి బొమ్మలు తీసేది. గడియారం వలె కీ ఇస్తే అది తనంతట తాను మెల్లగా తిరుగుతూ, లోపల ఫిల్ము కూడా జరుగుతూ, వందలమందిని ఒకే ముక్కలో పట్టేది. అది తిరిగేలోగా వెనుకగా పరుగెత్తి రెండో చివర నిలబడ్డ కొంటె పిల్లవాడు బొమ్మలో రెండుచోట్ల కనబడతాడు. ఈ మాట చెప్పగానే మా తరగతిలో కలయజూపు మీద ఆసక్తి రెండింతలయింది.

ఇక తీసిన విధానం. మొదట ఫెర్రీ పడవ మీద నుంచి తీద్దామనుకున్నాము. బటర్‌వర్త్ నుంచి ద్వీపానికి వెళ్ళే ఆ పాత పడవలు మీకందరికీ తెలుసు. 2021లో వాటిని విరమింపజేసి, 2023లో కొత్తవి తెచ్చారు. కాని పడవ కదులుతుంది. కదిలే చోట నిలబడి తీసిన ముక్కలు ఒకదానికొకటి అతకవు.

ఎందుకతకవో పిల్లలకు ఇట్లా చూపించాము. మీరూ ఇప్పుడే చేయవచ్చు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఒక కన్ను మూసి చూడండి. ఇప్పుడు ఆ కన్ను తెరిచి రెండోది మూయండి. వేలు జరిగినట్లుంటుంది, వెనుక గోడ జరగదు. చూచే చోటు రెండంగుళాలు మారితే దగ్గర వస్తువుకూ దూరపు వస్తువుకూ పొత్తు చెడుతుంది. అందుచేత కెమెరాను తిప్పేటప్పుడు, కాంతి కిరణాలు అద్దంలో కలిసే స్థానం కదలకుండా, దాని చుట్టే తిప్పాలి. గదుల్లో, వంతెనల మీద, చెవ్ జెట్టీ వంటి ఇరుకు కొయ్యదారులలో తీసేటప్పుడు ఇది తప్పనిసరి. నాలుగు కిలోమీటర్ల దూరం చూస్తూ, దగ్గరలో ఏ వస్తువూ లేకపోతే చిన్న తప్పులు బయటపడవు. అయినా మూడుకాళ్ళ కొయ్య స్థిరంగా ఉండి తీరాలి.

మేము ఎంచుకున్న చోటు బటర్‌వర్త్‌కు ఉత్తరాన బాగన్ ఆజం దగ్గర పంతాయ్ బర్సీ అనే సముద్రపు ఒడ్డు. అక్కడ నిలబడితే ద్వీపం పడమర దిక్కున ఉంటుంది. పొద్దున్నే సూర్యుడు మన వీపు వెనుక లేచి, నగరం ముఖం మీద వెలుగు పోస్తాడు. సాయంకాలం తీస్తే ఎండ కెమెరా కంట్లో కొడుతుంది, మేడలు నల్లని నీడలవుతాయి.

కెమెరా పాతది, మరొకరు వాడి అమ్మినది. ఒక్క ఫోటోలో 6000 చుక్కలు వెడల్పు, 4000 చుక్కలు ఎత్తు. 200 మిల్లీమీటర్ల అద్దం. అది ఒక్కసారికి పది డిగ్రీలకు కొంచెం ఎక్కువ వెడల్పు చూస్తుంది. అడ్డంగా 12, నిలువుగా 3 వరుసలు, మొత్తం 36 బొమ్మలు తీశాము. పక్కపక్క బొమ్మలు నూటికి ముప్పై పాళ్ళు ఒకదాని మీద ఒకటి పడాలి. కనుక లెక్క వేస్తే అతికిన బొమ్మ వెడల్పు 52,200 చుక్కలు, ఎత్తు 9,600 చుక్కలు. గుణించి చూడండి, యాభై కోట్ల చుక్కలు. నాలుగు కిలోమీటర్ల అవతల ఒక్కొక్క చుక్క పన్నెండు సెంటీమీటర్లకు సమానం. అక్కడ ఒడ్డున ఒక మనిషి నిలబడితే పద్నాలుగు చుక్కల ఎత్తుంటాడు. ముఖం తెలియదు, మనిషి అని తెలుస్తుంది.

మొదటిసారి తీసినది పూర్తిగా చెడిపోయింది. వెలుతురు కొలిచే పని కెమెరాకే వదిలేశాము. అది తెల్లగోడ చూచినప్పుడు ఒక కొలత, కొండ చూచినప్పుడు ఇంకొక కొలత వేసింది. అతికించి చూస్తే ఆకాశం పన్నెండు రంగుల గుడ్డముక్కలు కుట్టిన బొంతలా ఉన్నది. ఒకే ఫెర్రీ మూడుచోట్ల కనబడింది, మూడో చోట సగమే. పైగా మేము పది గంటలు దాటాక తీశాము. నీళ్ళ మీద వేడిగాలి లేచి, గోడల గీతలన్నీ వంకరలు పోయాయి.

రెండోసారి సుమత్రా వైపు నుంచి పొగ కమ్మింది. కొండే కనబడలేదు. రోటీ తిని తిరిగి వచ్చాము.

మూడోసారి ఫిబ్రవరిలో, రాత్రంతా వాన కురిసి వెలిసిన ఉదయం. గాలిలో దుమ్ము కడుక్కుపోయి ఉన్నది. వెలుతురు కొలత, రంగు, దూరం అన్నీ ఒక్కసారి చేత్తో నిలిపి, మళ్ళీ ముట్టుకోలేదు. మూడుకాళ్ళ కొయ్యకు అయిదు కిలోల బియ్యపు సంచి వేలాడదీశాము. నొక్కిన వేలి అదురు కూడా తగలకుండా, నొక్కిన రెండు సెకన్లకు తీసేట్లు పెట్టాము. ఒక పిల్ల డిగ్రీలు చదివితే, ఒక పిల్లవాడు తిప్పితే, ఇంకొకరు వ్రాసుకున్నారు. అంకెలన్నీ తెలుగులోనే. ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, ముప్పై అయిదు. సంవత్సరం పొడుగునా పుస్తకంలో రాని అంకెలు ఆ ఒక్క ఉదయం నోటికి వచ్చాయి. నాలుగైదు నిమిషాల్లో 36 బొమ్మలు ముగించాము. ఆలస్యమైతే నీడలు జరుగుతాయి, పడవలు జరుగుతాయి, కెరటం ఎటూ ఆగదు.

అతికించే పని కంప్యూటరుది. హ్యూగిన్ అని డబ్బు అక్కరలేని ప్రోగ్రాము ఉన్నది. జర్మనీ దేశపు ఆచార్యుడు హెల్ముట్ డెర్ష్ చేసిన పనిముట్ల మీద అది లేచింది. అది రెండు బొమ్మలలోనూ ఉన్న ఒకే గుర్తులను వెదుకుతుంది. కిటికీ మూల, స్తంభం కొన, కప్పు అంచు. ఆ గుర్తులు కలిసేట్లు బొమ్మలను వంచి, పొదిగి, కూర్చుతుంది. నగరం ఉన్న నడిమి వరుస చక్కగా కుదిరింది. పై వరుసలో ఆకాశం, కింది వరుసలో నీళ్ళు మాత్రం కంప్యూటరుకు చిక్కలేదు. మబ్బులేని ఆకాశానికి గుర్తుండదు, కెరటానికి నిలకడ ఉండదు. ఆ ముక్కలను, పిల్లలు వ్రాసుకున్న డిగ్రీల కాగితం చూసి, చేత్తో వాటి స్థానాల్లో పెట్టాము. ఆ కాగితం లేకపోతే ఈ బొమ్మకు కిందా పైనా ఉండేది కాదు.

బొమ్మ సిద్ధమయింది. కోటకొన దగ్గర 1786లో ఫ్రాన్సిస్ లైట్ దిగినచోట కట్టిన కార్న్‌వాలిస్ కోట. విక్టోరియా రాణి ఏలుబడి 60 ఏళ్ళు నిండినందుకు, ఏటికొక అడుగు చొప్పున 60 అడుగులు లేపిన గడియార స్తంభం. పట్టాలు లేని రైలు స్టేషనని పేరుబడ్డ పాత రైలు కచేరీ గోపురం. అక్కడ టిక్కెట్టు కొని, పడవలో ఇటు దాటి, బండి ఎక్కేవారు. వాటి వెనుక 68 అంతస్తుల కోమ్‌తార్. కుడివైపున ఉత్తరపు ఒడ్డున, తెల్లని పొడుగాటి మేడ. చుట్టూ ఎత్తయిన కొత్త భవనాలు లేచి, దాన్ని పిల్లవాడిని చేసి నిలబెట్టాయి.

అప్పుడు మా తరగతిలో తెలివైన కుర్రవాడొకడు లేచి, "మాష్టారూ, ఈ కొత్త భవనాలన్నీ తుడిచివెయ్యమంటారా? అరగంట పని. అప్పుడు తాతగారు చూసినట్లే ఉంటుంది" అన్నాడు. మాకు నోరూరిందని ఒప్పుకోవాలి. కాని వద్దన్నాము. "ఫెర్రీ రెండు బొమ్మల్లో ఉంటే ఒకటి తీసేశాం కదా, అది అబద్ధం కాదా?" అని వాడు గట్టిగా అడిగాడు. మంచి ప్రశ్న. మేము రాత్రంతా ఆలోచించి మర్నాడు చెప్పిన జవాబు ఇది. ఫెర్రీ ఆ ఉదయం ఆ నీళ్ళమీద ఉన్నది. ఏ క్షణంలోని ఫెర్రీని ఉంచుకోవాలన్నది మన ఎంపిక. భవనాలు ఆ ఉదయం అక్కడ ఉన్నాయి. లేవనడం మన అబద్ధం. తాతగారి కథను ఒకసారి దిద్దాము. పినాంగును కూడా దిద్దదలుచుకోలేదు.

ఇక ఎవరి కోసం అన్న ప్రశ్న. మా మేనత్త తొంభై దాటిన మనిషి. 1937లో తాతగారు స్వగ్రామం వెళ్ళి భార్యాబిడ్డలను తెచ్చుకున్నప్పుడు ఆమెకు అయిదేళ్ళు. ఇప్పుడు పేరాక్‌లో కూతురి ఇంట ఉంటున్నది. నడవలేదు. ఒక కన్ను బొత్తిగా పోయింది, రెండో కన్ను కొంత. ఓడలో వచ్చినవారిలో మా కుటుంబంలో మిగిలినది ఆమె ఒక్కతే. ఆ రెండో కన్నుకు చూపు ఉండగానే ఈ బొమ్మ చూపించాలని మా తొందర. మూడుసార్లు ఒడ్డుకు పరుగెత్తినది అందుకే.

బొమ్మను చాపలా చుట్టి తీసుకువెళ్ళాము. ఇంట్లో పరిస్తే సావడి చాలక చివర మూడడుగులు గడప దాటి బయటకు పోయింది. కుర్చీలో నుంచి ఆమెకు నేలమీది బొమ్మ కనబడలేదు. అప్పుడు పిల్లలు తమంతట తామే ఒక ఉపాయం చేశారు. ఇద్దరు చెరొక చివర నిలువుగా పట్టుకుని, ఆమె కుర్చీ ముందు నుంచి మెల్లగా, అడుగులో అడుగు వేసుకుంటూ జరిగారు. ఒడ్డు కదులుతూ పోతున్నది. ఓడ మీద కూర్చున్నట్లే ఉన్నది.

అత్త కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "ఈ మేడలేటిరా, తాటిసెట్లలాగ? ఇది పినాంగు కాదు" అన్నది. పిల్లల ముఖాలు వాడిపోయాయి. తుడిచేస్తానన్న కుర్రవాడు మా వంక చూశాడు. మేము తల దించుకున్నాము.

ఇంకొక నాలుగడుగులు జరిగారు. "ఆగండర్రా, ఆగండి" అన్నది అత్త. వేలు చాచింది. నగరాన్ని కాదు, పైన కొండల గీతను చూపింది. "అదే. ఆ నడుము వొంపు సూడు. రాతిరికి ఓడ ఆగింది. ఆకాశంలో దీపాలు ఏలాడతన్నాయని నాను ఏడిసినాను. సుక్కలే పిల్లా అన్నాది అమ్మ. తెల్లారి సూస్తే కొండ" అన్నది.

పినాంగు కొండకు తాళ్ళ రైలు 1920లలోనే వచ్చింది. కొండమీద బంగళాలలో దీపాలుండేవి. అయిదేళ్ళ పిల్ల చూచినది నిజమే.

మేము బొమ్మను జరిపించి తెల్లమేడ చూపాము. మొత్తం బొమ్మలో అది నాలుగైదు అంగుళాలు. భూతద్దం చేతికిచ్చాము. "తాత చెప్పిన మేడ ఇదే అయి ఉంటుందత్తా" అన్నాము. ఆమె చాలాసేపు చూసింది. "ఏమో నాయినా. మేడ అయ్య సూసినాడు. నాను కొండ సూసినాను" అన్నది. తరువాత తల ఎత్తి, "అయ్యకి సెప్పినావా, మేడ ఉన్నాదని?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె వయసులో రోజులు, మనుషులు కలిసిపోతారు. ఆయన పోయి చాలాకాలమైందని గుర్తు చేయడానికి మనసొప్పలేదు. "చెబుతానత్తా" అన్నాము.

ఆ నెలలోనే ఒకరోజు ఆ హోటలుకు వెళ్ళి, మా కుటుంబంలో మొదటిసారిగా ఆ గుమ్మం ఎక్కి, టీ తాగాము. సముద్రపు గోడ దగ్గర కెమెరా పెట్టి, ఈసారి అటు నుంచి ఇటు కలయజూపు తీశాము. అందులో నీళ్ళు, రెండు ఓడలు, దూరాన బాగన్ ఆజం ఒడ్డు సన్నని గీతగా ఉన్నాయి. ఆ మేడలో నిలబడినవారికి మా తాతగారి ఓడ అట్లాగే కనబడి ఉంటుంది. లోపలి మనిషి ఎవరూ లెక్కించకుండా చూసిన ఓడ. ఆ రెండో బొమ్మ పక్క గదిలో పెట్టాము, చూడగలరు.

ప్రసంగం చివర నీతి చెప్పకపోతే బడిపంతులు కాడంటారు. కనుక ఒక్కటి చెప్పి ముగిస్తాము. బొమ్మలు అతకాలంటే పక్క బొమ్మలో దాదాపు మూడోవంతు తన బొమ్మలో ఉండాలని చెప్పాము. అంచుకు అంచు ఆనిస్తే చాలదు, కొంత మేర ఇద్దరూ ఒకటే చూసి ఉండాలి. మా తాతగారికీ మాకూ మధ్య ఆ మూడోవంతు ఉండినది. దిద్ది మేమే కత్తిరించుకున్నాము. మీ ఇళ్ళలో ఇంకా పెద్దవారున్నారు. వారు చెప్పే ఓడ కథలో తేదీ తప్పు కావచ్చు, మేడ పేరు తప్పు కావచ్చు. వెంటనే దిద్దకండి. ముందు వ్రాసుకోండి. తెలుగు వ్రాయడం రాకపోతే ప్రతి బుధవారం సాయంకాలం ఏడు గంటలకు మా తరగతికి రండి. పలకలు మేమిస్తాము.

ఇప్పుడు లేచి ఆ గోడ దగ్గరకు వెళ్ళినప్పుడు దూరం నుంచి ఒకసారి చూడండి, ముక్కు ఆనించి ఒకసారి చూడండి. మీ ఇంటివారు ఏదైనా గుర్తు చెప్పి ఉంటే అక్కడ ఉంచిన చిన్న చీటీ మీద వ్రాసి, ఆ స్థానం కింద అంటించండి. ఇప్పటికి రెండే చీటీలున్నాయి. ఒకటి మేడ కింద, ఒకటి కొండ కింద. మేడ కింద చీటీ మేము వ్రాశాము. కొండ కిందిది అత్త చెబుతుండగా పిల్లలు వ్రాశారు. ఆమె మాట్లాడినట్లే వ్రాశారు, మేము ఒక్క అక్షరం దిద్దలేదు.